అంపైర్ వేలెత్తక ముందే

పోయిన వేసవిలో మల్కాజ్‌గిరిలోని మా ఇల్లు వెతుక్కుంటూ ఒక క్లబ్బు ఉద్యోగిని రాకపోయి ఉంటే, డెబ్బై నాలుగేళ్ల వయసులో నేను ఈ కాగితాలు ముందేసుకుని కూర్చునేదాన్ని కాదు. కంటోన్మెంటులో మా నాయన జీవితమంతా మాలిగా పనిచేసిన క్రికెట్ క్లబ్బు తన చరిత్రను పుస్తకంగా అచ్చు వేస్తున్నదట, అందులో మా అన్న గురించి ఒక పేజీ ఉందట, ఫొటో ఏదైనా ఉంటే ఇమ్మని ఆమె అడిగింది. ఆ పేజీ అక్కడే చదివాను. సెలెక్షన్ మ్యాచ్‌లో అంపైర్ నాటౌట్ అన్నా, బంతి తన బ్యాటు అంచుకు తగిలిందని చెప్పి తనంతట తానే వికెట్ వదిలి నడిచి వెళ్లిపోయిన మాలి కొడుకు గురించి, అతనికి లేచి నిలబడి చప్పట్లు కొట్టిన సభ్యుల గురించి మంచి ఇంగ్లీషులో రాశారు. తప్పు పట్టడానికి ఒక్క మాట దొరకలేదు. చప్పట్ల దగ్గర ఆపేశారు, అంతే. ఆ తర్వాతి సంగతి తెలిసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందులో నా పాత్ర కూడా ఉంది కనుక నేనే రాయాలి.

మాలి అంటే పూలమొక్కలు పెంచేవాడనే ఈనాటి పిల్లలు అనుకుంటారు. క్రికెట్ మైదానం మాలి పని వేరు. మా నాయన పొద్దు పొడవక ముందే లేచి పిచ్ మీద నీళ్లు చల్లి, ఆరనిచ్చి, ఇనుప రోలర్ లాగి, గట్టిపడిన మట్టి మీద కొబ్బరిపీచు చాప పరిచి, అంచుల వెంట మేకులు కొట్టి బిగించేవాడు. మా తరంవారికి ఆ చాపల మీద పడి లేచే బంతి చప్పుడు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు పచ్చిక పిచ్‌లు వచ్చాక ఆ చప్పుడే పోయింది. చాప బిగువు చూడటానికి నాయన చెప్పులు విప్పి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేవాడు, బొటనవేలి కింద ఎక్కడైనా ముడత తగిలితే మేకులన్నీ పీకి మళ్లీ మొదలు పెట్టేవాడు. పెవిలియన్ వెనుక రెండు గదుల క్వార్టరు మాది. నేను, అన్న పుట్టింది అక్కడే. అమ్మ మా ఇద్దరికీ అన్నం పెడుతూ కిటికీలోంచి స్కోరు బోర్డు చూసి, లంచ్‌కు ఇంకా ఎంతసేపుందో చెప్పేది.

మా తాత కూడా ఆ మైదానం మాలే. ఆయన కాలంలో అక్కడ ఆడింది తెల్ల సోల్జర్లు, వాళ్ల దొరలు. తాత చెప్పిన ఒక సంగతి మా ఇంట్లో పురాణంలా నిలిచిపోయింది. ఒక కెప్టెన్ దొర బ్యాటింగ్ చేస్తున్నప్పుడు బంతి బ్యాటును తాకీ తాకనట్టు వెళ్లి కీపర్ చేతుల్లో పడిందట, ఎవరికీ వినపడలేదట, ఎవరూ అడగలేదట, అంపైర్ ఓవరులో ఎన్నో బంతో లెక్క చూసుకుంటున్నాడట, అప్పుడా దొర బ్యాటు చంకలో పెట్టుకుని తలవంచి నడుచుకుంటూ వచ్చేశాడట. సైట్‌స్క్రీన్ అనే పెద్ద తెల్ల తెర నీడలో కూర్చున్న తాతకు అది చూసి ఒళ్లు గగుర్పొడిచిందట. తెల్లవాళ్లు దేశం విడిచి వెళ్లిపోయారు, క్లబ్బు మనవాళ్ల చేతికి వచ్చింది, సభ్యుల కుర్చీల వైపు మాలి కూర్చోకూడదన్న పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ కెప్టెన్ కథ కూడా మా ఇంట్లో అలాగే ఉండిపోయింది.

నాయన మమ్మల్ని పెంచింది ఆ కథ మీదే. ఇంట్లో కుండ పగిలినా, చక్కెర డబ్బా ఖాళీ అయినా ఎవరు చేశారని అడిగేవాడు కాదు. ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, ఒక్కటే మాట అనేవాడు:

"బాల్ తాకిందా లేదా, నీకెర్కలేదా? నేను వేలెత్తేదాంక నిలవడ్తవా?"

చేసినవాళ్లు ఒక అడుగు ముందుకు నడవాలి. నడిస్తే తిట్టు లేదు, దెబ్బ లేదు. అమ్మకు ఈ వ్యవహారం నచ్చేది కాదు. "బైట మాలి, ఇంట్లకొస్తె అంపైరు. నాకేమో దినాం బ్యాటింగే," అని పొయ్యి ముందు గొణుక్కునేది. అన్న మాత్రం నడిచేవాడు. కొన్నిసార్లు నేను చేసిన తప్పుకు కూడా వాడే నడిచేవాడు, నాయనకు తెలిసినా ఊరుకునేవాడు.

అన్న మంచి బ్యాట్స్‌మన్. ఈ మాట చెల్లెలిగా అనడం లేదు, నెట్స్‌లో సభ్యులకు బౌలింగ్ వేయడానికి పిలిపించుకుని, వాళ్లు అలసిపోయాక సరదాగా వాడికి బ్యాటిచ్చి, తర్వాత వాణ్ణి ఔట్ చేయలేక తంటాలు పడినవాళ్లు చెప్పిన మాట. ఆ రోజుల్లో పెద్ద పెద్ద కర్మాగారాలు, ఆఫీసులు తమ టీముల కోసం ఆటగాళ్లను ఉద్యోగంలోకి తీసుకునేవి. అలాంటి ఒక కర్మాగారం ఒక్క బ్యాట్స్‌మన్‌ను తీసుకుంటానంటే అన్న కూడా వెళ్లాడు. వడపోతలన్నీ అయ్యి చివరకు ఇద్దరు మిగిలారు. ఆఖరి మ్యాచ్ మా మైదానంలోనే పెట్టారు. ఆ ఉద్యోగం వస్తే క్వార్టరు, పింఛను, అమ్మకు ఆసుపత్రి, అన్నకు పెళ్లి, అన్నీ వచ్చినట్టే, రాకపోతే రోలర్. ఇది మా ఇంట్లో నలుగురికీ తెలుసు. ముందురోజు నాయన చాపకు మేకులు రెండుసార్లు పీకి కొట్టాడు.

ఆ మధ్యాహ్నం నేను, అమ్మ మైదానం కంచె అవతల మెహందీ మొక్కల మధ్యనుంచి చూస్తున్నాం. పోటీలో ఉన్న రెండో అతను పొద్దుటే ఆడాడు. కీపర్ క్యాచ్ పట్టి అరిచినా కదలకుండా నిలబడి, అంపైర్ తల అడ్డంగా ఊపాక మళ్లీ గార్డు తీసుకుని, అర్ధశతకం దాటాకే ఔటయ్యాడు. అన్న నలభైల్లోకి వచ్చాడు. ఒక బంతి చాప మీద పడి బయటికి తిరిగింది. కీపర్ పట్టాడు, అరిచాడు. అంపైర్ కాదన్నాడు. బౌలర్ వెనక్కి తిరిగి తన గుర్తు దగ్గరికి నడవడం కూడా మొదలుపెట్టాడు. అన్న అంపైర్ వైపు చూడలేదు, రోలర్ పక్కన గొంతుకూర్చున్న నాయన వైపు చూశాడు. ఆ దూరం నుంచి నాయన ముఖం నాకు కనపడలేదు. తర్వాత అన్న బ్యాటు చంకలో పెట్టుకుని, గ్లవ్స్ విప్పుకుంటూ నడిచాడు.

వాడు సగం దూరం వచ్చాడు. అప్పుడు వరండాలోని ముసలి సభ్యులు ఒకరి తర్వాత ఒకరు లేచి చప్పట్లు కొట్టారు. అమ్మ నా భుజం పట్టుకుని, "ఎందుకు కొడుతున్నరే, గెలిచిండా?" అని అడిగింది. ఉద్యోగం రెండో అతనికి ఇచ్చారు. పరుగులు ఎవరివి ఎక్కువైతే వాళ్లకే ఇస్తామని మొదటే చెప్పారు కనుక ఇందులో అన్యాయం కూడా ఏమీ లేదు.

మరుసటి నెల నుంచి అన్న దినకూలీ మీద నాయనతో కలిసి రోలర్ లాగాడు. నిజం చెప్పాలంటే ఆ మొదటి నాలుగైదేళ్లు వాడు బాధపడినట్టు నేను చూడలేదు. బయటి ఊళ్లనుంచి అతిథులొస్తే సభ్యులు వాణ్ణి పిలిచి చూపించేవారు, ఇదిగో ఆ రోజు నడిచిన కుర్రాడు ఇతనేనని చెప్పేవారు, వాళ్లు చేయి కలిపేవారు. మాలి కొడుకుతో చేయి కలపడం ఆ వరండాలో అదివరకు లేదు. వాడు చేయి తుడుచుకుని, కలిపి, మళ్లీ రోలర్ దగ్గరికి వచ్చేవాడు. నాయన తాడు అందించేవాడు. వాళ్లిద్దరి మధ్య ఆ తాడు అందుకోవడంలో ఎంతో ఉండేది, నాకు అది ఇప్పుడు రాయడం చేతకావడం లేదు.

ఇక నా సంగతి. ఎనిమిదో తరగతితో బడి మాన్పించాక సికింద్రాబాదులో ఒక బైండింగ్ దుకాణంలో చేరాను. లైబ్రరీల నుంచి చిరిగిన పుస్తకాలు మూటలుగా వచ్చేవి. కుట్టు విప్పి, జిగురు పెట్టి, మళ్లీ కుట్టి, అట్ట వేయడం నా పని. కుట్టే ముందు పేజీలు వరుసలో ఉన్నాయో లేదో చూడాలి కదా, అలా చూస్తూ చూస్తూ చదవడం మొదలైంది. తెలుగు అయిపోయాక ఇంగ్లీషు, పక్కన నిఘంటువు. దుకాణంలో సగంలో ఆగిపోయిన పుస్తకాలను ఆదివారం లైబ్రరీకి వెళ్లి పూర్తి చేసేదాన్ని. పట్టా లేకపోయినా పట్టా ఉన్నవాళ్లకు తెలియనివి నాకు తెలుసని గర్వం ఉండేది. ఇప్పుడూ ఉంది, కాకపోతే ఇప్పుడు దాన్ని చూసి భయపడతాను.

ఒక వర్షాకాలం, ఆకుపచ్చ అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకం నా చేతికొచ్చింది. ఆటలు ఇంగ్లండును ఎలా తయారుచేశాయన్నది దాని విషయం. డబ్బున్నవాళ్ల బడుల్లో పిల్లలకు ఆటల ద్వారానే క్రమశిక్షణ, ధైర్యం నేర్పి, ఆ పిల్లలనే పెద్దయ్యాక మనలాంటి దేశాలకు పాలకులుగా పంపారట. శనివారం మధ్యాహ్నం మిల్లులకు సెలవు దొరికాకే కూలీల ఫుట్‌బాల్ పెరిగిందట, ఊరూరికీ ఒక టీము వచ్చి, ఆ టీమే ఊరి పేరయిందట. మొదటి ప్రపంచ యుద్ధంలో కొందరు ఆఫీసర్లు శత్రువు తుపాకుల మీదికి ఫుట్‌బాల్ తన్నుకుంటూ సైనికులను నడిపించారట, ఆ బంతి వెనుక పరుగెత్తినవాళ్లలో ఎంతమందో తిరిగి రాలేదట. ఇవన్నీ ఒక ఎత్తు. క్రికెట్ అధ్యాయం నన్ను నిలబెట్టేసింది. అక్కడ కూడా ఆటగాళ్లు రెండు జాతులట. డబ్బు తీసుకోకుండా ఆడే పెద్దమనుషులు ఒక గేటు నుంచి, కూలికి ఆడేవాళ్లు ఇంకో గేటు నుంచి మైదానంలోకి వచ్చేవారట. స్కోరు కాగితం మీద పేర్లు రాయడంలో కూడా తేడా ఉండేదట. పడవ పందేల్లోనైతే చేతులతో కష్టం చేసి బతికేవాణ్ణి పెద్దమనుషుల పోటీలోకి రానివ్వకూడదని నిబంధనే రాసుకున్నారట. ఇక తనంతట తాను నడిచిపోవడం అన్నది ఆట చట్టంలో ఎక్కడా లేదట. అది పెద్దమనుషులు తమ గొప్ప కోసం చెప్పుకున్న ఆచారమట, వాళ్లలో కూడా పేరుమోసినవాళ్లు అవసరమైనప్పుడు కదలకుండా నిలబడేవారట. ఆటే కూడు అయినవాడు నడవాలని ఎవరూ అనుకోలేదట.

నాకు ఆ సాయంత్రం దుకాణం నుంచి ఇంటికి వచ్చేదాకా మనసు ఆగలేదు. నాయన, అన్న రోలర్‌కు నూనె పెట్టి వచ్చి గుమ్మంలో చాయ్ తాగుతున్నారు. పేజీలు మోకాళ్ల మీద పెట్టుకుని, ఇంగ్లీషు వాక్యం చదివి, తెలుగులో చెప్పి, రెండు గేట్ల సంగతి, పడవల సంగతి, అన్నీ విప్పి చెప్పాను. నాయన కథలోని కెప్టెన్ దొర కూడా ఔటయినా నాటౌటయినా జీతం ఆగనివాడే కదా అని నా సొంత తెలివి కూడా కలిపాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. మా ఇంటి మీద పడిన మోసాన్ని పుస్తకంలో పట్టుకున్నానని, వాళ్లు సంతోషిస్తారని అనుకున్నాను.

అన్న చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "అంటే, మనసొంటోళ్లకు ఆ రూలు లేకుండెనా?"

"అస్సలు లేకుండె," అన్నాను.

వాడు నవ్వాడు. "మరి గీ ముచ్చట జెర ముందుగాల చదవకపోతివి చెల్లె," అన్నాడు. నాయన లేచి లోపలికి పోతూ, "పుస్తకాలన్ల మస్తు రాస్తరు," అన్నాడు, అంతే.

మరునాడు అన్న రోలర్ దగ్గరికి ఆలస్యంగా వెళ్లాడు. ఆ తర్వాత కొన్ని రోజులు వెళ్లలేదు. కల్లు కాంపౌండు అలవాటయింది. నాతో కోపంగా ఉండి ఉంటే బాగుండేది, ఎప్పటిలాగే మాట్లాడేవాడు, కొత్త పుస్తకాల్లో ఏమున్నదని అడిగేవాడు, నేను చెప్పడం మానేశాను.

ఆ ఏడాది చలికాలంలో క్లబ్బుకు బయటి ఊరినుంచి ఒక టీము వచ్చింది. అలవాటు ప్రకారం సభ్యులు అన్నను వరండా మెట్ల దగ్గరికి పిలిచి, అతిథులకు చూపించి, ఆ రోజు సంగతి చెప్పారు. ఒక అతిథి చేయి చాచాడు. నేను నాయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉన్నాను. అన్న చేతులు వెనక్కి కట్టుకుని, మామూలు గొంతుతో, "తాకలే సాబ్," అన్నాడు. వాళ్లకు అర్థం కాలేదు. "బాల్ నాకు తాకనే లేదు. ఎండకు పరేషాన్ అయిపోయిన. నీడకు పోదామని నడిచిన," అన్నాడు.

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. అతిథి చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు. నాయన సైట్‌స్క్రీన్ దగ్గర బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు, విన్నాడు. వారం తిరక్కముందే అన్నకు అక్కడ పని లేదన్నారు. కారణం తాగి వస్తున్నాడని చెప్పారు, అది కూడా నిజమే.

ఆ తర్వాత నాయన అన్నను ఒక్కటే ప్రశ్న అడిగేవాడు. ఒకసారి తిండి దగ్గర, ఒకసారి బన్సీలాల్‌పేటలో వాడు పడి ఉన్న చోటునుంచి లేపి తెస్తూ రిక్షాలో, చివరకు ఆసుపత్రి మంచం పక్కన. తాకిందా లేదా. జీవితంలో ఇంకెవరినీ అడగనివాడు, అడగకముందే చెప్పాలని నేర్పినవాడు, కొడుకును అలా అడుగుతుంటే నేను గోడవైపు తిరిగేదాన్ని. అన్న జవాబు చెప్పలేదు. ముప్పై ఆరేళ్లకు కాలేయం పాడై చనిపోయాడు. వాణ్ణి తీసుకుపోయే రోజు క్లబ్బు వాళ్లు పూలదండ పంపారు.

నాయన తర్వాత పదకొండేళ్లు బతికాడు. పని విరమించాక క్వార్టరు ఖాళీ చేసి నా దగ్గరే ఉన్నాడు. చూపు తగ్గింది. ఒకరోజు నేను ఇంట్లో కూర్చుని పుస్తకం కుడుతుంటే దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బిడ్డా, ఆ ఇంగ్లీషు పుస్తకాలల్ల మల్లొక్కపారి చూడరాదు. దొర కాదు, కష్టం చేసుకునేటోడు, మనసొంటోడు... ఒక్కడన్న నడిచిండా?"

వెతికాను. దొరికిన ప్రతి పుస్తకం వెతికాను. రెండు నెలల తర్వాత, దొరికాడని చెప్పాను. ఇంగ్లండు ఉత్తరాన బొగ్గుగనిలో పనిచేసేవాడట, మంచి బ్యాట్స్‌మనట, పెద్ద టీములో చోటు కోసం ఆడిన మ్యాచ్‌లో ఎవరూ చూడకపోయినా తానే నడిచి వెళ్లిపోయాడట, చోటు పోయి మళ్లీ గనిలోకి దిగాడట అని చెప్పాను. నాయన కదలకుండా విన్నాడు. ఆ గనివాడికి తండ్రి ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడన్నాను. తర్వాత మంచిగా బతికాడా అని అడిగాడు. బతికాడు, ముసలివాడయ్యేదాకా ఊళ్లో గౌరవంగా బతికాడు అన్నాను. ఆ గనివాడి కథ నాయన నాతో ఎన్నోసార్లు చెప్పించుకున్నాడు. ప్రతిసారీ ఒక చిన్న వివరం కలిపేదాన్ని. వాడి భార్య, వాడి కుక్క, వాడి ఊళ్లో వాన. నాయన పోయిన ఉదయం కూడా అడిగాడు, చెప్పాను. అలాంటివాడు ఏ పుస్తకంలోనూ లేడు. చదువు గురించి ఇంత గర్వపడిన నేను చదవకుండా చెప్పింది అదొక్కటే, మా నాయనకు పనికొచ్చింది కూడా అదొక్కటే.

ఇప్పుడు మైదానం చుట్టూ ఎత్తయిన గోడ వచ్చింది, లోపల ఏం జరుగుతుందో రోడ్డు మీదినుంచి కనపడదు. ఆటలో ఉద్యోగాలు లేవు, వేలంపాటలున్నాయి. కూలికి ఆడేవాడే ఇప్పుడు దొర, అది చూసి నేను సంతోషిస్తాను, రెండు గేట్లు ఒక గేటయినందుకు. నిలబడినవాణ్ణి ఎవరూ తప్పు పట్టరు. తప్పని నేనూ అనను. కానీ తాను చేసిన మంచిపని వల్ల కొడుకు, అది చేయలేదని కొడుకు చెప్పడం వల్ల తండ్రి కూలిపోయేంతగా ఒక ఆటను నమ్మిన మనుషులుండేవారని, ఆ నమ్మకాన్ని వాళ్లకు ఎవరో ఎక్కడినుంచో తెచ్చి ఇచ్చి, తమ సామాను సర్దుకుని వెళ్లిపోయారని తలచుకుంటే, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇంతకాలం చదివినా నాకు తెలియలేదు.

దీన్ని రాయడానికి సాయపడినవాళ్లకు నమస్కారాలు. ఆకుపచ్చ అట్ట పుస్తకం ఇంటికి తీసుకుపోతానంటే కాదనని బైండింగ్ దుకాణం యజమాని విఠలయ్య గారికి. లైబ్రరీ మూసే వేళ దాటినా ఒక్క దీపం ఆర్పకుండా ఉంచిన సుగుణమ్మ గారికి. నా వంకర రాతను ఓపికగా టైపు చేసిన నా మనవరాలు శ్రావణికి, ఆమె స్నేహితురాలు మేరీకి. ఆనాటి మ్యాచ్‌లో వికెట్‌కీపర్, ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్న డేవిడ్ గారికి. నన్ను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఆ రోజుల్లో ప్రతి బంతికీ అరిచేవాడినమ్మా, ఆ మ్యాచే నాకు గుర్తు లేదని దాచకుండా చెప్పినందుకు. గనివాడి కథ చివరిదాకా విన్న మా నాయన మల్లయ్యకు.

మా అన్న నర్సింలుకు. తాకిందా అని నేను అడగను.